పాయింట్లు దాచుకోమన్నది నేనే

ముప్పై ఒక్క ఏళ్లు నిలబడి చేసిన ఉద్యోగం నాది. బళ్లారి కంటోన్మెంటులో ఒక హోటల్లో ఫ్రంట్ ఆఫీసు. గుమాస్తాగా చేరి, చివరికి ఆ కౌంటరుకు పెద్దగా రిటైరయ్యాను. కౌంటరు వెనక కుర్చీ ఉండకూడదని రూలు. గెస్టు లోపలికి వచ్చేసరికి మనం కూర్చుని కనబడితే మర్యాద కాదట. ఆ మర్యాద పుణ్యమా అని ఇప్పుడు నా పిక్కల్లో నరాలు తాళ్లలా తేలాయి. కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని కూర్చోమన్నాడు డాక్టరు. కూర్చున్నాను. కూర్చుంటే ఇవన్నీ గుర్తొస్తాయి.

ఇప్పుడు అక్కడ నిలబడుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "సార్, మీ రోజుల్లో కూడా గెస్టులకు ఇంత కోపం ఉండేదా?" అని అడుగుతారు. ఉండేది నాయనా, దండిగా ఉండేది. కోపం వచ్చినవాళ్లతో ఏ బాధా లేదు. అరుస్తారు, మేనేజరును పిలవమంటారు, కాఫీ ఇస్తే చల్లబడతారు. కోపం రావలసిన చోట కోపం రానివాడు ఒకడు తగులుతాడు చూడండి, వాడితోనే కష్టం. నాకు తగిలినవాడి సంగతి చెబుతాను. వినండి, పనికొస్తుంది.

మా హోటలు మొదట ఊరివాళ్లదే. గనుల జోరు ఉన్న రోజుల్లో యజమాని గదులు పెంచాడు, జోరు తగ్గాక ఒక పెద్ద హోటళ్ల కంపెనీ చేతికి అప్పగించాడు. బోర్డు మారింది, మా కోట్లు మారాయి, లాబీలో ఏదో సెంటు వాసన మొదలైంది. వాటితోపాటే వచ్చింది ఈ పాయింట్ల పథకం. ఆ కంపెనీ హోటళ్లలో ఏ ఊళ్లో బస చేసినా మన పేరు మీద ఇన్ని పాయింట్లు పడతాయి. తగినన్ని పోగయ్యాక ఒక రాత్రి ఊరికే ఉండొచ్చు. అప్పట్లో దీనికొక అచ్చు పట్టిక ఉండేది. ఫలానా ఊరి హోటలుకు రాత్రికి ఇన్ని పాయింట్లు, పండగైనా పబ్బమైనా అంతే. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి కౌంటరు లోపలివైపు అతికించుకున్నాను. రైల్వే టైంటేబుల్ మీద కూడా నాకు అంత నమ్మకం ఉండేది కాదు.

పెద్ద ఆఫీసర్లకు ఈ పాయింట్లతో పనిలేదు. వాళ్లకు అడక్కుండానే పెద్ద గది దొరుకుతుంది. పాయింట్లను నిజంగా నమ్ముకున్నవాళ్లు మందుల కంపెనీ ప్రతినిధులు, విత్తనాలమ్మేవాళ్లు, మిషన్లు బాగుచేసేవాళ్లు. ఊరూరా తిరిగి ఒళ్లు హూనం చేసుకునేవాళ్లు. నేను చెప్పబోయే మనిషి మెకానిక్కు.

రూపనగుడి ఆయనది. నాలుగెకరాల మెట్ట, రెండు ఎనుములు. గనుల్లో మట్టి తవ్వే పెద్ద మిషన్లు ఆగిపోతే, వాటిని అమ్మిన కంపెనీ ఈయన్ను పంపేది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, గోవా, ఎక్కడ మిషన్ మొరాయిస్తే అక్కడికి. నెలలో ఇరవై రోజులు బయటే. వాళ్ల కంపెనీకీ మా కంపెనీకీ ఒప్పందం ఉండటంతో ఎక్కడికెళ్లినా మా హోటళ్లలోనే దిగేవాడు. ఒక్క మా బళ్లారి హోటల్లో తప్ప. ఇక్కణ్ణుంచి బస్సెక్కితే ముప్పావు గంటలో ఇల్లు, ఇక్కడెందుకు పడుకుంటాడు?

అయినా రైలు దిగిన ప్రతిసారీ, ఊరి బస్సెక్కే ముందు మా కౌంటరుకు వచ్చేవాడు. గ్రీజు మరకల సంచీ గుమ్మం పక్కన పెట్టి, జేబులోంచి బస్సు పాసుతో కలిపి దాచుకున్న సభ్యత్వం కార్డు తీసేవాడు.

"అన్నా, నా పాయింట్లు ఎన్నుండాయో చూడన్నా."

"నీ ఫోన్లోనే ఉండాది కదప్పా, చూసుకోరాదా?"

"ఫోన్లో చూస్తే నమ్మకం లేదన్నా. నువ్వు చెప్తే నమ్మకం."

నేను చెప్పేవాణ్ణి. ఆయన కాఫీ తాగి వెళ్లేవాడు. బసచేయనివాళ్లను లాబీలో కూర్చోబెట్టవద్దని రూలు ఉన్నా, సభ్యుడు కదా అని నేనే కూర్చోబెట్టేవాణ్ణి.

ఆ పాయింట్లు ఎందుకో ఒకరోజు చెప్పాడు. కొత్తలో ఒకసారి ఇంటికెళ్లి, హోటల్లో తెల్లటి దుప్పట్లు, పొద్దున టిఫిన్‌కు నలభై రకాలు అని భార్య దగ్గర గొప్పలు పోయాడట. అంతే, ఆనాటి నుంచి ఏ తగువైనా అక్కడికే చేరేది.

"కూరలో ఉప్పు తక్కువైంది అంటే సాలన్నా. 'నీది హోటలు ఒళ్లు, నీకు ఈడెందుకు బాగుంటాది' అంటాది. నేను మెత్తని పరుపుల మీద పొర్లుతాండానంట, ఆయమ్మ ఎనుముల కాడ సస్తాందంట. ఒగసారి తీసకపోయి చూపీల్లన్నా. చూపిస్తేగాని నోరు మూసుకోదు."

నవ్వుతూనే చెప్పాడు గాని, ఆ నవ్వు కింద పట్టుదల ఉంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె పుట్టిల్లు, అత్తిల్లు, దుర్గమ్మ గుడి తప్ప ఇంకో చోట తెల్లవారి లేచింది లేదు.

మొదట మైసూరులో రెండు రాత్రులు చాలనుకున్నాడు. వద్దన్నది నేనే. "రెండు రాత్రులకు సుమ్నె, ఊరికే యాల కరగబెడతావప్పా? ఇంగ కొంచెం ఆగు. సముద్రం పక్కన హోటలుండాది, ఐదు రాత్రులు కూడబెట్టు. పోతే రాజామాదిరి పో" అని రంగుల పుస్తకం చేతిలో పెట్టాను. దాన్ని భార్య దేవుని పటం వెనక దాచిపెట్టిందని మరుసటి నెల చెప్పాడు. జొన్నలు పాతరలో పోసినట్టు పాయింట్లు పోస్తూ ఉండు, ఎక్కడికీ పోవని నేనే ధైర్యం చెప్పాను. పాతరలో జొన్నలకూ పురుగు పడుతుందని మా తాత చెప్పేవాడు. ఆ మాట నాకు గుర్తు రాలేదు.

అంతటితో ఆగానా? పని సాయంత్రానికే అయిపోతే, రాత్రి రైలుకు ఇంటికి వచ్చేస్తుంటానని ఒకసారి మాటల్లో అన్నాడు. "రాత్రి రైలెక్కితే ఒగ రాత్రి పాయింట్లు పోతాయి కదప్పా! గది డబ్బులు మీ కంపెనీ ఎట్లాగూ ఇస్తాది, పండుకొని తెల్లారి బయల్దేరు" అన్నాను. పెద్ద ఉపాయం చెప్పానని నా భుజం నేనే తట్టుకున్నాను కూడా. ఆయన అలాగే చేశాడు. ఒకసారి కాదు, మూడేళ్లు.

మూడేళ్ల తర్వాత ఒక బుధవారం ఉదయం వచ్చాడు. సంచీ లేదు. గుడికి వెళ్లి వచ్చినట్టున్నాడు, నుదుటిన కుంకుమ ఉంది. ఐదు రాత్రులకు సరిపడా పాయింట్లు నిండి, పైన ఇంకొన్ని మిగిలాయి. పది రోజులు లీవు దొరికింది.

"అన్నా, చేసెయ్యన్నా బుకింగు" అన్నాడు.

ఆ రోజు నెల ఆఖరి తేదీ. అమావాస్య కూడా.

మీరు నవ్వుకోండి, పర్వాలేదు. మా వైపు అమావాస్య నాడు గుడికి పోతాం, బండికి నిమ్మకాయ కడతాం, దిష్టి తీస్తాం. కొత్త పని మాత్రం మొదలుపెట్టం. నేను ముప్పై ఏళ్లు కోటు తొడుక్కుని ఇంగ్లీషు మాట్లాడినా ఆ కోటు లోపల ఉన్నది నేనే కదా.

"ఇన్నేండ్లు ఆగినావు, ఒగ రోజు ఆగలేవా? ఇంటామెను మొదటిసారి బయటికి తీసకపోతాండావు, అమావాస్య నాడు చేస్తారాప్పా ఎవరైనా? రేపు గురువారం. ఆయమ్మను పిల్చుకొని రా, ఆమె ముందరే చేద్దాం."

"మిషన్లకు అమావాస్య యాడుండాదన్నా" అని నవ్వాడు ఆయన. అభ్యంతరమంతా నాదే.

నా పక్కన రిజర్వేషన్లు చూసే ఆవిడ ఉండేది. సేలం వైపు తమిళావిడ. రైల్వేలో పనిచేసే భర్తతో బళ్లారికి వచ్చి, మా తెలుగూ కన్నడమూ రెండూ కలిపి మాట్లాడటం నేర్చుకుంది. ఆమె కీబోర్డు మీద చేతులు ఆపి నా వైపు తిరిగింది.

"సార్, ఇవాళే చేసేద్దాం సార్. పోయిన వారం మెయిల్ వచ్చింది కదా, ఒకటో తారీఖు నుంచి పాయింట్లలో ఏదో మార్పు అని. మా ఊర్లో అయితే అమావాస్య మంచి రోజు సార్. మా నాన్న కొట్టు తెరిచింది అమావాస్య నాడే."

ఆ మెయిల్ నాకూ వచ్చింది. పైన ఒక నవ్వుతున్న కుటుంబం బొమ్మ, కింద 'మీ సభ్యత్వం ఇప్పుడు మరింత ఆనందదాయకం' అని పెద్ద అక్షరాలు. ఆ రోజు కింద హాల్లో పెళ్లివారి గొడవ. మొదటి పేరా చదివి మూసేశాను. ఇలాంటి ఆనందాలు నెలకు నాలుగు వస్తుంటాయి మాకు.

"మారేది కార్డు రంగే లేమ్మా" అన్నాను. "మీ ఊరి అమావాస్య మీ ఊర్లో పెట్టుకో, మా ఊరిది మాకు వదిలెయ్" అని ఛలోక్తి కూడా విసిరాను. పక్కనున్న సెక్యూరిటీ ఆయన నవ్వాడు. మెకానిక్కు కార్డు జేబులో పెట్టుకుని, "ఆయ్తు, సరే అన్నా, నువ్వు చెప్పినాక ఇంగేముంది" అని వెళ్లిపోయాడు.

గురువారం పదిగంటలకల్లా ఇద్దరూ వచ్చారు. ఆమెను చూడటం నాకు అదే మొదలు. సన్నటి మనిషి, జరీ అంచు చీర, చేతిలో జిప్పు ఉన్న కొత్త సంచీ. ఖాళీ సంచీయే, కొన్నది నాకు చూపించడానికి తెచ్చింది. ఎనుములు పిండటానికి సంగనకల్లు నుంచి చెల్లెల్ని పిలిపించానని, ఐదు రోజులకు ఒప్పుకుందని నిలబడే చెప్పేసింది. సోఫాలో కూర్చోమంటే అంచు మీద కూర్చుంది.

నేను సముద్రం హోటలు తెరిచాను. తేదీలు వేశాను. అంకె వచ్చింది. తప్పు వేశానేమోనని మళ్లీ వేశాను. అదే అంకె. నా ప్లాస్టిక్ కవరు పట్టికలో ఉన్నదానికి రెండింతలకు పైనే. పక్క వారం చూశాను, ఇంకా ఎక్కువ. ఇక పట్టికే లేదట. గదికి గిరాకీని బట్టి ఏ రోజుకారోజు పాయింట్లు మారతాయట. మెయిల్లో ఆరో పేరాలో ఉందది. అప్పుడు చదివాను.

"రెండు రాత్రులు వస్తాయి" అన్నాను.

ఆమె లేచి కౌంటరు దగ్గరికి వచ్చింది. "ఎవరు తీసుకున్యారు సార్ మిగతావి?"

"ఎవరూ తీసుకోలేదమ్మా. పాయింట్లన్నీ అట్లే ఉండాయి."

"పాయింట్లు అట్లే ఉంటే రాత్రులు యాడికి పోయె?"

పెద్ద ఆఫీసులో తెలివైనవాళ్లు కూర్చుని ఉంటారు, వాళ్లకు తెలిసి ఉండాలి. ఆ నిమిషంలో నేను చేసిన పని చెప్పడానికి ఇప్పుడూ సిగ్గేస్తుంది. "ఈ పొద్దే వచ్చిందమ్మా ఈ రూలు, మాకే తెలీదు" అన్నాను. తమిళావిడ ఒక్కసారి నా ముఖం చూసి తలవంచుకుంది. 'నేను చెప్పాను కదా సార్' అని ఉంటే బాగుండేది.

"రెండు రాత్రులైనా పోయిరాండప్పా" అన్నాను.

"పోయేదానికి రెండు రోజులు, వచ్చేదానికి రెండు రోజులు. రెండు రాత్రులకేం పోతాం లేన్నా" అన్నాడు మెకానిక్కు. "ఏం కాదు. ఇంగా కూడబెడతా." అరవలేదు. మేనేజరును పిలవమనలేదు. కాఫీ తెప్పిస్తే వద్దనకుండా తాగి, భార్య చేతిలోంచి ఆ ఖాళీ సంచీ తీసుకుని తనే మోసుకెళ్లాడు.

మా హోటళ్ల కంపెనీకి నేనే ఉత్తరం రాశాను. ఒక్కరోజు తేడా, పాత సభ్యుడు, పాత పట్టిక ప్రకారం ఇప్పించండి అని. 'మీ నమ్మకానికి మేము ఎంతో విలువ ఇస్తాము' అని జవాబు వచ్చింది. ఆ వాక్యం తర్వాత నాకు బాగా అలవాటైంది. మిగిలిన నాలుగేళ్లూ పాయింట్ల గురించి అడిగిన ప్రతి గెస్టుకూ అదే వాక్యం నేను పంపించాను. మందుల కంపెనీ ప్రతినిధి ఒకాయన తన పాయింట్లతో చివరికి గొడుగు తీసుకున్నాడు. నేనే ప్యాక్ చేసి ఇచ్చాను.

మెకానిక్కు మాత్రం కూడబెడుతూనే ఉన్నాడు. ఆయన పాయింట్లు పెరిగేవి, గది పాయింట్లు అంతకన్నా ముందుగా పెరిగేవి. తాడు పొడుగు చేసేకొద్దీ బావి లోతవుతోంది. వచ్చినప్పుడల్లా "చూడన్నా" అనేవాడు. చూసి, తల వంచుకునే చెప్పేవాణ్ణి. అప్పటికి రాత్రి రైళ్ల సంగతి నేను ఎత్తడం మానేశాను. ఆయన మాత్రం పాత అలవాటు మానలేదు.

నా రిటైర్మెంటుకు మూడు నెలల ముందు వచ్చి, ఇక తమ కంపెనీ మా హోటళ్లు వద్దందని చెప్పాడు. ఎక్కడికెళ్లినా చవక లాడ్జి చూసుకోవాలట. బస చేయడం ఆగితే పాయింట్లు కొన్నాళ్లకు చచ్చిపోతాయి. సముద్రం హోటల్లో వెతికాను. పండగ రోజులు కదా, ఒక రాత్రికి కూడా చాలడం లేదు. ఇంక మిగిలింది మా హోటలే. అందులో ఒక రాత్రి.

"ఈడనా?" అని పగలబడి నవ్వాడు. "ఊరి కాడ హోటల్లో పండుకుంటే నవ్వుతారన్నా జనం!"

"నవ్వనీప్పా. నేను ఉండంగానే వాడుకో. మళ్లీ నేను ఆగమని చెప్పను, ఎవరు చెప్పినా ఆగొద్దు" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన నవ్వు ఆపి తలూపాడు.

ఈసారి రోజు చూడలేదు, వారం చూడలేదు. శనివారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. ఆమె చేతిలో అదే జిప్పు సంచీ, ఈసారి నిండుగా ఉంది. గుట్ట మీది కోట కనబడే మూల గది ఇచ్చాను. నా చేతులతో పళ్ల బుట్ట పెట్టించాను. తమిళావిడ తన తరఫున మల్లెపూలు పంపింది.

మర్నాడు పొద్దున తొమ్మిదికి ముందే దిగి వచ్చారు. గదులు చూసే ఆవిడ అంతకుముందే వచ్చి నాతో చెప్పింది, "ఆ గదిలో నాకు పనే లేదు సార్. ఆయమ్మే దుప్పటి మడిచి పెట్టింది, కాఫీ కప్పులు కడిగి బోర్లించింది, బాత్రూము తుడిచేసింది" అని.

"నిద్ర బాగా పట్టిందామ్మా?" అని అడిగాను.

"లేదు సార్."

"పరుపు బాగలేదా?"

"పరుపు మెత్తగనే ఉండాది. నిద్రే రాలే." ఆమె కౌంటరు రాయి మీద వేలితో రాస్తూ నెమ్మదిగా చెప్పింది. "తలుపు ఏస్తే ఒగ మనిషి సద్దు లేదు సార్. కుక్క మొరిగేది లేదు, ఎనుము కదిలేది లేదు. ఆ చల్లమిషను గుంయ్ అనేదొగటే. ఈయప్ప పక్కనుండంగనే నాకు దిగులైపాయ. ఇట్లాంటి గదిలో ఈయప్ప ఒగడే పండుకొన్యాడు ఇన్నేండ్లు. తిన్యావా అని అడిగే దిక్కు లేక. నేనేమో రాజభోగం అనుకొని రోజూ తిడ్తి." కళ్లు తుడుచుకుని, "ఈ ఒగ రాత్రికి ఈయప్ప ఎన్ని రాత్రులు బయట పండుకొన్యాడు సార్? మీ కాడ ఉంటాది కదా లెక్క" అంది.

ఉంటుంది. కంపెనీకి ఏది మరుపొచ్చినా అది మాత్రం రాదు. తెర మీద చూశాను. "వెయ్యీ మూడు వందల పద్నాలుగమ్మా" అన్నాను.

అంతటితో ఊరుకోవచ్చు. ముప్పై ఏళ్లు అలాగే ఊరుకున్నవాణ్ణి. ఆ రోజు మాత్రం చాతకాలేదు. "వాట్లో కొన్ని నా పాపమమ్మా. రాత్రి రైలుకు ఇంటికి వస్తానంటే, వద్దు, పండుకొని రా, పాయింట్లొస్తాయని నేనే చెప్పినా. ఆ గురువారం నాడు కూడా రూలు ఆ పొద్దే వచ్చిందని అబద్ధం చెప్పినా. ముందే వచ్చింది. నేను చదవలే."

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన సంచీ భుజానికి సర్దుకుంటున్నాడు.

"నాకు తెల్సులేన్నా" అన్నాడు. "ఆ మేడమ్ నీకు చెప్పేటప్పుడు నేను ఈడనే నిలబడుకోనుంటి కదా. నువ్వు వద్దన్యావు, నేను సరే అన్యా. నీ ఒగడి తప్పెట్లవుతాది."

నాలుగేళ్లు. నాలుగేళ్లు ఈ మనిషి అదంతా తెలిసే వచ్చి, నా ముందు కూర్చుని కాఫీ తాగాడు. నన్ను తిట్టి ఉంటే ఒక్క రోజుతో పోయేది.

ఆమె ఆయనతోనే అంది: "ఇంగమీద రైలుంటే ఆ రాత్రే ఎక్కు. ఎంత పొద్దుపోయినా లేసి తలుపు తీస్తా. సద్దికూడైనా సరే, ఇంట్లో తిను."

"ఊ" అన్నాడు ఆయన.

వాళ్లు తలుపు దాటి బస్టాండు వైపు నడిచారు. ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా "నా పాయింట్లు చూడన్నా" అని అడక్కుండా ఆ కౌంటరు వదిలి వెళ్లలేదు. తెర మీద ఆయన పేరు ఇంకా తెరిచే ఉంది, అడుగున కొన్ని చిల్లర పాయింట్లు మిగిలాయి. ఎన్ని మిగిలాయో చెప్పడానికి నేను సిద్ధంగా నిలబడ్డాను. ఆ రోజు ఆయన అడగలేదు.